హాస్టల్ కబుర్లు – 14: స్కార్‌ని ఎవరు క్షమించాలి?



మొన్న ఒక హాస్టల్లో స్టడీ సర్కిల్ అయిపోయాక డిగ్రీ చదివే తమ్ముడొకడు నా పక్కన కూర్చుని ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. ముఖం మీద పెద్ద ఇంటూ గుర్తులా మచ్చ, ఎర్రటి కళ్ళు, మనలాంటి ఒంటి రంగు. "అన్నా, వీణ్ణి విలన్ అంటున్నారు. నాకు మాత్రం మనోడిలాగే కనిపిస్తున్నాడు. మనుషుల్ని చంపాడు, నిజమే. చివరికి బాగుపడినట్టా, కానట్టా? నువ్వు చెప్పు" అన్నాడు. బొమ్మల కథకి ఇంత చర్చా అని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వదల్లేదు. అందుకే ఈ వారం భూమి గురించి రాస్తానన్నది వాయిదా వేసి ఇది రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు కథ చెప్తా. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' అనే జపాన్ మాంగా. హిరోము అరకవా అనే ఆవిడ 2001 నుంచి 2010 దాకా నెలనెలా గీసింది. మొత్తం 27 సంపుటాలు. ఆవిడ పుట్టి పెరిగింది హొక్కైడోలో, పాడి రైతుల ఇంట్లో. ఆ హొక్కైడో అసలు ఐనూ ప్రజల నేల. 1869లో జపాన్ ప్రభుత్వం దాన్ని కలిపేసుకుని, బయటి నుంచి వలసదారుల్ని తెచ్చి నింపింది. ఇది తెలిశాక ఆ కథ మళ్ళీ మొదటి నుంచి చదవాలనిపిస్తుంది.

కథలో అమెస్ట్రిస్ అనే సైనిక రాజ్యం ఉంటుంది. దాని అంచున ఇష్వాల్ అనే ఎడారి ప్రాంతం. అక్కడి ప్రజల దేవుడు వేరు, కళ్ళు ఎరుపు. ఒక సైనికుడు ఒక ఇష్వాల్ పిల్లని కాల్చి చంపడంతో తిరుగుబాటు మొదలై ఏడేళ్ళు నడుస్తుంది. చివరికి వాళ్ళని తుడిచిపెట్టమని ప్రభుత్వమే ఆదేశం ఇస్తుంది. ఆల్కెమీ తెలిసిన అధికారుల్ని ఆయుధాలుగా దించుతారు. బతికినవాళ్ళని వదిలేస్తే నా ప్రాణం ఇస్తానని వాళ్ళ మతపెద్ద వచ్చి వేడుకుంటే, నీ ఒక్క ప్రాణం ఒక్క ప్రాణానికే సమానం అన్నట్టు పాలకుడు తోసిపుచ్చుతాడు. ఆ ఊచకోతలో అన్నని పోగొట్టుకుని, అన్న చెయ్యే తనకి అతికించుకుని బతికినవాడు స్కార్. తర్వాత ఆ ఆల్కెమిస్టుల్ని ఒక్కొక్కర్నీ వెతికి చంపుతాడు. తన అసలు పేరు వదిలేశాడు. ఆ మచ్చని బట్టి పోలీసులు, సైన్యం పెట్టిన పేరే స్కార్.

మా తాతని ఊళ్ళో చచ్చేదాకా 'ఒరేయ్' అనే పిలిచారు. ఆయనకొక పేరుందన్న సంగతే వాళ్ళకి పట్టలేదు. అందుకే మొదటిసారి చదివినప్పుడు నేను పూర్తిగా స్కార్ పక్షం. విలన్ అనే మాటే అన్యాయం అనిపించింది. నా మీదకి సైన్యాన్ని పంపినవాడు హీరో, తిరిగి కొట్టిన నేను విలనా?

కానీ ఒక చోట ఆగిపోయాను. రాక్‌బెల్ దంపతులు. ఇద్దరూ డాక్టర్లు, అమెస్ట్రిస్ వాళ్ళు. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళకుండా యుద్ధంలో ఇష్వాల్ జనానికి వైద్యం చేస్తున్నవాళ్ళు. చావుబతుకుల్లో ఉన్న స్కార్‌కి కట్లు కట్టింది వాళ్ళే. అతను కళ్ళు తెరిచాడు. కనపడింది నీలి కళ్ళు. ఉన్మాదంలో ఇద్దర్నీ చంపేశాడు. వాళ్ళకి విన్రీ అని ఒక చిన్న కూతురు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. యూనివర్సిటీలో ఉన్నప్పుడు సస్పెన్షన్ల మీద దీక్ష టెంట్ వేశాం. మా బ్యాచ్‌లోనే ఒక అగ్రకుల అమ్మాయి రోజూ వచ్చేది. కరపత్రాలు టైప్ చేసేది, నీళ్ళ క్యాన్లు మోసేది, ఇంట్లో తిట్లు తిని మరీ రాత్రిళ్ళు కూర్చునేది. అధికారులు ఇచ్చిన మాట తప్పారని వార్త వచ్చిన రోజు నేను మైకు పట్టుకుని, అందరి ముందూ ఆమెని ఇంటిపేరు పెట్టి పిలిచి, "మీ వాళ్ళే కదా ఇదంతా చేస్తోంది, ఇక్కడ నీకేం పని?" అన్నాను. చప్పట్లు పడ్డాయి. ఆమె ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇది హత్య కాదు. దాంతో పోల్చడం లేదు కూడా. కానీ రాక్‌బెల్ పేజీ చదివినప్పుడు నాకు ఆ చెప్పుల చప్పుడే వినిపించింది. నా కోపం నిజం, దానికి కారణాలు వేల ఏళ్ళవి. అయినా ఆ రోజు అది పడింది కట్టు కడుతున్న చేతుల మీద. స్కార్ మీద సానుభూతి చూపించే మనం ఈ పేజీ దాటేసి చదవకూడదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆమెకి ఉత్తరం రాశాను. జవాబు ఒక్క ముక్క. "చదివాను. నాకు ఇంకా కోపంగానే ఉంది." నిజం చెప్తున్నా, ముందు నాకు ఉక్రోషం వచ్చింది. తప్పు ఒప్పుకున్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

దానికి జవాబు కూడా ఆ కథలోనే దొరికింది. పెద్దయిన విన్రీ స్కార్‌కి ఎదురుపడుతుంది. ఎందుకు చంపావని అడిగితే అతను ఇష్వాల్ కథంతా చెప్పుకోవచ్చు. చెప్పడు. ఏం చెప్పినా సాకే అవుతుంది, చంపింది మాత్రం నేనే అంటాడు. విన్రీ అతని గాయానికి కట్టు కడుతుంది, మా అమ్మానాన్న ఉంటే ఇదే చేసేవాళ్ళని. క్షమించావా అంటే, లేదంటుంది. అన్యాయాన్ని క్షమించలేదని స్పష్టంగా చెప్తుంది. ఇష్వాల్ గురువు కూడా స్కార్‌తో అన్నది ఇదే: ఓర్చుకోవడం వేరు, క్షమించడం వేరు.

మా పేట చర్చిలో పాస్టర్ గారు రెండు మాటలు తరచూ కలిపి చెప్పేవారు, మారుమనసు, క్షమాపణ. చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. కాదు. మారుమనసు నా పని. క్షమాపణ అవతలి మనిషి సొత్తు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అది రాలేదని నా మారుమనసు ఆగకూడదు. ఆమె కోపంగా ఉండటం ఆమె హక్కు.

ఇప్పుడు అసలు పేచీ. విమోచన ఉందా అని అందరూ స్కార్‌నే అడుగుతారు. మస్టాంగ్‌ని ఎందుకు అడగరు? ఇష్వాల్‌లో మనుషుల్ని నిప్పుతో కాల్చినవాడు అతనే. కానీ అందంగా ఉంటాడు, జోకులేస్తాడు, హీరోల జట్టు. అభిమానులు అతన్ని ఎప్పుడో మాఫీ చేసేశారు. ప్రజాస్వామ్యం వస్తే ఇష్వాల్ యుద్ధ 'వీరుల'కి విచారణ తప్పదని తెలిసే అతను ఆ దారి పట్టాడని కథలో ఉంది. రచయిత్రి ఆ మాట అనిపించడం గొప్ప విషయమే. కానీ ఆ విచారణ మాత్రం చివరి పేజీ దాకా జరగదు. పోయిన చూపు తిరిగి తెచ్చుకోవడానికి అతనికి అందిన రాయి కూడా ఇష్వాల్ ప్రాణాలు తీసి చేసిందే. ఇష్వాల్ జనాన్ని వాళ్ళ నేలకి రానివ్వాలన్న షరతు మీద ఇస్తారు. ఆ షరతు లేకపోతే ఆ పుస్తకం మూసేసేవాణ్ణి.

ఇది నాకు దూరపు సంగతి కాదు. మా అమ్మమ్మ ఊరు చుండూరు వైపే. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పోరాడాల్సి వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ వారం ఒక పెద్దమనిషి నాతో, "ఇంకెన్నాళ్ళు బాబూ, మీరే క్షమించి మర్చిపోండి" అన్నాడు. చంపామని ఒప్పుకున్నవాళ్ళు లేరు, తప్పయిందన్నవాళ్ళు లేరు. ఎవర్ని క్షమించాలండీ అంటే ఆయన దగ్గర జవాబు లేదు. మన చేత క్షమాపణ ఇప్పించడానికి అందరూ తయారే. వాళ్ళ చేత మారుమనసు పొందించడానికే ఎవరూ లేరు.

తమ్ముడూ, నా జవాబు ఇది. స్కార్ మారాడు. అతని కుడిచేతికున్నది విధ్వంసం చేసే విద్య. అన్న పరిశోధన చదివి ఎడమచేతికి నిర్మించే విద్య కూడా ఎక్కించుకున్నాడు. చివర్లో మైల్స్ అనే అధికారి, తాత తరఫున ఇష్వాల్ రక్తం ఉన్నవాడు, ఇష్వాల్‌ని మళ్ళీ కడదాం రమ్మంటే ఆ పనికి వెళ్తాడు. అప్పటికీ విన్రీ క్షమించలేదు. రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యకు.

మీలో బొమ్మలు గీసేవాళ్ళున్నారు. ఆ మాంగాలో జరగని విచారణని మీరు గీయండి. బోనులో మస్టాంగ్‌ని నిలబెట్టండి. స్కార్‌నీ నిలబెట్టండి, రాక్‌బెల్ దంపతుల కేసులో. సాక్షులుగా ఎవరెవర్ని పిలుస్తారో, న్యాయమూర్తి కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతారో వచ్చే సర్కిల్‌కి తీసుకురండి. కూర్చుని మాట్లాడుకుందాం.

వచ్చే వారం భూమి. ఈసారి తప్పను.

జై భీమ్.