చదివించాడు, తిప్పాడు, చూపించాడు

2023 మే నెలలో మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. పిల్లలిద్దరూ సరదాపడి బీరువాలోని పాత ఫోటోలన్నీ తీసి, వరసలో పెట్టి, ఒక ఆల్బమ్ చేయించి ఇచ్చారు. అట్టమీద బంగారు రంగు అక్షరాలతో 'అమ్మానాన్నల మైలురాళ్ళు' అని వేయించారు. మొదటి పేజీలో పెళ్ళి, 1998. రెండో పేజీలో 'చదువు పూర్తి, 1999'. అక్కడ నల్లగౌను వేసుకుని, చుట్టిన పట్టా చేత్తో పట్టుకుని మా ఆయన నవ్వుతున్నాడు. ఆ పేజీలో నేను లేను.

"నీ డిగ్రీ ఫోటో ఎంత వెతికినా దొరకలేదమ్మా" అంది మా అమ్మాయి నొచ్చుకుంటూ.

"దొరకదులే" అన్నాను. ఎందుకు దొరకదో అప్పుడు చెప్పలేదు. శుభమా అని పిల్లలు కష్టపడి చేసిన పనికి వంకలు పెట్టినట్టుంటుందని ఊరుకున్నాను. కానీ ఆ ఖాళీ నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కావలి వైపు మెట్ట ఊరు. మా అమ్మకు నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక సంతకం వచ్చింది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు నడిచిన రోజులవి. పగలంతా చేలో పనిచేసి, రాత్రి లాంతరు ముందు పలక పట్టుకునేది. వాచకంలోని సీతమ్మ కథ చదివి, సారా మన కొంపలు ఎలా ఆర్పుతోందో ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని అడ్డుకున్న కబురు ఊరూరా పాకింది. మా ఊళ్ళోనూ చీపుళ్ళూ చేటలూ పట్టుకుని వీధిలోకి వచ్చారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే సడలిపోయింది. మా అమ్మ సంతకం మాత్రం చెరిగిపోలేదు.

ఆ అమ్మే నా పెళ్ళి మాటలప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టింది. "పిల్ల బియ్యే రెండో ఏడు అయింది. మూడోది మానిపించకూడదు." కట్నం దగ్గర రెండు గంటలు బేరమాడిన పెద్దమనుషులు ఈ షరతుకి నిమిషంలో ఒప్పుకున్నారు. "అయ్యో, దానికేముందమ్మా! మావాడే చదివిస్తాడు" అన్నారు.

ఈ 'చదివిస్తాడు' అన్న మాట గురించి ఈమధ్య చాలా ఆలోచిస్తున్నాను. మన భాషలో మొగుడి గొప్పతనమంతా ఈ 'ఇంచు' దగ్గరే ఉన్నట్టుంది. భార్యను చదివించాడు. నాలుగు ఊళ్ళు తిప్పాడు. సముద్రం చూపించాడు. చదివింది నేను, తిరిగింది నా కాళ్ళు, చూసింది నా కళ్ళు. అయినా కర్త ఆయన. పెళ్ళయిన ఏడాది ఆయన ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. పరీక్షలప్పుడు రాత్రి పన్నెండింటికి లేచి టీ పెట్టాను. ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు. వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే పలకరించి పంపేశాను. "మా కోడలు మావాణ్ణి చదివించింది" అని ఎవరైనా అన్నారా? మీ ఇళ్ళల్లో అన్నారేమో గుర్తుచేసుకోండి.

నా పరీక్షలూ ఆ వేసవిలోనే. ఆఖరి పేపరు రోజున మా ఆడపడుచు సీమంతం పడింది. ముహూర్తం పెట్టేముందు నా పరీక్షల తేదీలు ఎవరికీ గుర్తురాలేదు. పరీక్షకు వెళ్ళొద్దని నాతో ఎవరూ అనలేదు. అని ఉంటే ఎదురు చెప్పి ఉండేదాన్ని. "నువ్వు లేకపోతే ఎట్లామ్మా, ఇంటి కోడలివి. నీ ఇష్టం మరి" అన్నారు. ఆ 'నీ ఇష్టం' ఎంత బరువైన మాటో పెళ్ళయిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఆయన ముఖం వంక చూశాను. పేపరు చదువుకుంటున్నాడు. పదిగంటలకు పరీక్ష మొదలయ్యే వేళ నేను చలిమిడి కలుపుతున్నాను. బెల్లం పాకం చెయ్యి కాలింది. అందరూ అందుకే నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయనుకున్నారు.

ఆ పేపరు అక్టోబర్లో సప్లిమెంటరీ రాశాను. ఆ ఏడు బీఈడీకి వెళ్ళే వీలు పోయింది. మరుసటేడు పట్టా పోస్టులో వచ్చింది. గౌను లేదు, ఫోటో లేదు. మా అత్తగారు దాన్ని పదిలంగా ఇంటి పన్ను రసీదుల మధ్య పెట్టారు. బీఈడీ ఆ తర్వాత చేశాను, టీచర్నీ అయ్యాను. 'ఒక్క ఏడాదే కదా' అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆల్బమ్‌లో తర్వాతి పేజీలన్నీ 'విహారాలు'. ఆయనకు ఉద్యోగం వచ్చింది, చేతక్ స్కూటర్ వచ్చింది. ఆదివారం వస్తే మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. దారి పొడవునా వరి మళ్ళు, తర్వాత రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత సముద్రపు గాలి. చీరలో ఒకవైపుకు తిరిగి కూర్చునేదాన్ని కాబట్టి ఎడమపక్క కిలోమీటరు రాళ్ళన్నీ నాకే కనిపించేవి. ముందున్న దారి ఆయన చూసేవాడు, దాటిపోతున్న రాళ్ళు నేను లెక్కపెట్టేదాన్ని.

అబద్ధమెందుకు, ఆ ప్రయాణాలు నాకు చాలా ఇష్టం. కొత్తగా పెళ్ళయినవాళ్ళం. ఇంట్లో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే వీలుండేది కాదు. స్కూటర్ మీద ఆయన వీపుకి చెవి ఆనించి నేను చెప్పినన్ని కబుర్లు ఎక్కడా చెప్పలేదు. ఆయన మంచివాడు. మంచివాళ్ళ దగ్గరే మనం కోల్పోయినవాటి లెక్క తప్పుతుంది.

మైపాడు ఫోటోల్లో ఎక్కడా నేను నీళ్ళల్లో లేను. ఆయన, ఆయన స్నేహితులు, మా మరిది అలల మీద తేలుతుంటారు. నేను ఇసుకలో వాళ్ళ చొక్కాలు, వాచీలు, చెప్పులు ముందేసుకుని, పులిహోర గిన్నె మీద మూత సర్దుతూ ఉంటాను. చాలా ఫోటోల్లో అసలే లేను. కెమెరా నా చేతిలో ఉంది కదా!

నాకు ఈత రాదు. మా అన్నయ్యలు ఊరి దిగుడుబావిలో నడుముకి బెండ్లు కట్టుకుని నేర్చుకున్నారు. నేను కూడా రెండు వేసవులు గట్టున కూర్చుని కాళ్ళాడించాను. మూడో వేసవికి పెద్దమనిషినయ్యాను. ఇక బావి వైపు వెళ్ళేది నీళ్ళు తోడడానికే.

2003 జనవరిలో నేలపట్టు వెళ్ళాం. ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ అప్పుడు మా జిల్లాదే. చెరువు నీళ్ళల్లో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. అక్కడి నుంచి సూళ్ళూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కితే రెండుపక్కలా పులికాట్ సరస్సు. చిల్కా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో రాజహంసలు తలకిందులుగా ముక్కులు ముంచి బురద జల్లెడ పడుతున్నాయి. ఒక్కసారి లేచాయంటే ఆకాశానికి గులాబి రంగు అంచు కుట్టినట్టుంది. ఆ దృశ్యం ఇవాళ్టికీ నా కళ్ళల్లో ఉంది.

దానితోపాటు ఇంకోటీ గుర్తుంది. ఆ రోజు ఉదయం నుంచి నేను చుక్క నీళ్ళు తాగలేదు. మాతో వచ్చిన మిగతా ముగ్గురు ఆడవాళ్ళూ తాగలేదు. ఎవరూ చెప్పుకోలేదు, అందరికీ తెలుసు. మగవాళ్ళు దారిలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి తుమ్మచెట్టు చాటుకి వెళ్ళొచ్చారు. సాయంత్రానికి నాకు తలపోటు, ఒళ్ళంతా మంట. "ఎండ పడదు నీకు" అన్నాడాయన జాలిగా. ఫోటో కింద పిల్లలు 'సాహసయాత్ర' అని రాశారు. నిజమే, సాహసమే.

2004 నవంబర్ 26, కార్తీక పౌర్ణమి. మూడేళ్ళ మా అమ్మాయిని చంకనేసుకుని సముద్రస్నానానికి మైపాడు వెళ్ళాను. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చీలమండల లోతులో నిలబడి, చెంబుతో నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. సరిగ్గా నెలకి, డిసెంబర్ 26, మళ్ళీ పౌర్ణమి, ఆదివారం. ఆ ఉదయం సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. మన తీరంలో వందమందికి పైగా పోయారు. తమిళనాడులో వేలమంది. నెల క్రితం నేను నిలబడ్డ ఇసుకను టీవీలో చూస్తూ పిల్లను గట్టిగా పట్టుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ 2005 మార్చిలో ఇచ్చిన నివేదిక గురించి చదివాను. కడలూరులో చనిపోయినవారిలో స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది అని అందులో ఉంది. సముద్రానికి ఆడా మగా తేడా తెలియదు కదా, మరెందుకిలా? చాలామంది మగవాళ్ళు ఆ వేళకు వేటకెళ్ళి నడిసముద్రంలో ఉన్నారు, అక్కడ అల అంత ఎత్తు లేవదు. ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్నారు, లేదా ఇళ్ళల్లో ఉన్నారు. పిల్లల్ని వదిలి పరిగెత్తలేకపోయారు. చాలామందికి ఈత రాదు, చెట్లెక్కడం రాదు. ఆ అంకెల మధ్య నేను నన్నే చూసుకున్నాను. చంకలో పిల్ల, కాళ్ళకి చుట్టుకున్న తడిచీర, రాని ఈత. చిన్నప్పుడు బావిగట్టు మీంచి ఇంటికి పంపడం ఒక మర్యాద అనుకున్నాను. అది ప్రాణాలకు సంబంధించిన విషయమని అప్పుడే అర్థమైంది.

అర్థమైనంత మాత్రాన జరిగిపోదు. ఇంకో ఏడేళ్ళు పట్టింది. మా ఊళ్ళో ఈతకొలనులో ఆడవాళ్ళకంటూ ఒక గంట కేటాయించారని తెలిసి 2012 వేసవిలో చేరాను. "ఈ వయసులో ఏంటమ్మా" అన్నారు మా అత్తగారు. నాకప్పుడు ముప్ఫైనాలుగు. లెగ్గింగు, పొడుగు చేతుల టీషర్టు వేసుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని ఒళ్ళు కుదించుకుని దిగాను. మా అమ్మాయి పది రోజుల్లో నేర్చుకుంది. నాకు నలభై రోజులు పట్టింది. నీళ్ళ కంటే భయం బరువు. ముక్కులోకి నీళ్ళెక్కి, దగ్గి, ఏడ్చి, ఒకరోజు కాళ్ళు నేలనొదిలాయి. నలభై ఏళ్ళకు పలక మీద తన పేరు తాను చదువుకున్నప్పుడు మా అమ్మకు ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. ఆ రోజు ఫోటో ఎవరూ తీయలేదు. నాకూ తోచలేదు.

ఇవన్నీ ఆల్బమ్ వచ్చిన రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆ రెండో పేజీ చూస్తూ కూర్చున్నాడు.

"నీ పరీక్ష పోయిందని గుర్తే లేదు. నేనేమన్నాను ఆ రోజు?" అనడిగాడు.

"మీరేం అనలేదు. అదే చెప్తున్నా."

పొద్దున్నే లేచి, రసీదుల కట్టలోంచి నా పట్టా తీసి జిరాక్సు తీయించుకొచ్చాడు. రెండో పేజీలో ఖాళీ లేదు. నల్లగౌను ఫోటోను కాస్త పక్కకి జరిపి నా కాగితం అంటించాడు. సగం ఆయన భుజం మీదికి వచ్చింది. తేదీ నేను వేశాను. 1999 అక్టోబర్, సప్లిమెంటరీ. ఆ మాట కావాలనే రాశాను.

ఆ ఆదివారం మైపాడు వెళ్ళాం. నడుము లోతు దాటలేదు. అక్కడి లాగుడుకి కొలనులో నేర్చిన ఈత చాలదని నాకు తెలుసు. అయినా అల వచ్చినప్పుడు కాళ్ళు వదిలి ఒక్క నిమిషం తేలాను. తిరిగి చూస్తే ఒడ్డున మా ఆయన నా చెప్పులు, సంచి, కళ్ళద్దాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గంప నెత్తినబెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, "ఏందమ్మా, అయ్యని కాపలాబెట్టి నువ్వు దిగినావా!" అని నవ్వింది.

"నీకు ఈతొచ్చా అక్కా?" అనడిగాను.

"మాకెవురు నేర్పిస్తారమ్మా? దిగేది మగోళ్ళు. మాది ఒడ్డునే గదా" అంది.

పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే బతుకుతున్న మనిషి. తెల్లారుజామున వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, ఊళ్ళు తిరిగి అమ్మి ఇల్లు నడిపే మనిషి. ఆమెకు కేటాయించిన గంటా లేదు, చెప్పులు పట్టుకుని నిలబడే మనిషీ లేడు. నా ఈత ముచ్చట ఆమెకి చెప్పబోయి ఆగిపోయాను. గంప బరువు చూసి, దారి ఇచ్చాను. ఆమె తడి ఇసుకలో వడివడిగా బస్సు వైపు నడిచి వెళ్ళింది.