వచ్చిన పని

మా అమ్మానాన్నలు పెళ్ళైన 23 ఏళ్ళలో కలిసి చాలా ఊళ్ళే తిరిగారు. తిరుపతికి రెండేళ్ళకోసారి. బెంగళూరుకి, తాతయ్య కంటి ఆపరేషన్ కోసం. హైదరాబాద్‌కి, చిన్నత్త కూతురి పెళ్ళికి. తాడేపల్లిగూడేనికి, నన్ను కాలేజీలో చేర్పించడానికి. ప్రతి ప్రయాణానికీ ఒక పని ఉంది, పని అవ్వగానే తిరుగు రైలు ఉంది. ఏ పనీ లేకుండా, పిల్లలూ చుట్టాలూ వెంట లేకుండా, ఇద్దరే ఒక కొత్త ఊరికి వెళ్ళి రెండు రాత్రులు ఉండి రావడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా జరిగుండదని నా అనుమానం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి.

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ డబ్బులు చేతికొచ్చాక ఈ లెక్క వేసుకున్నాను. ఫ్రెండ్స్ ఫోన్లు మార్చారు. నేను ఇంటికి ఫోన్ చేసి, డిసెంబర్‌లో మీ ఇద్దరికీ రెండు రోజుల ట్రిప్, ఖర్చు నాది అని ప్రకటించాను. నాన్న మొదటి మాట: "అంగడెవరు సూస్తారు పాపా?"

కదిరి పక్కన మా పల్లెలో నాన్నది చిల్లర అంగడి. ఊళ్ళో ఎవరైనా చనిపోతే తప్ప దాని తలుపు మూయరు. అంతకుముందు మాకు 4 ఎకరాల శెనక్కాయ చేను ఉండేది. నీళ్ళ కోసం 3 బోర్లు వేయించారు. మొదటిది రెండేళ్ళు పోసింది. రెండోది ఒక్క పంటకి పోసింది. మూడోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు తీర్చడానికి పెట్టిన అంగడి అది. దాన్ని వదిలి రమ్మనడం చిన్న మాట కాదని నాకు తెలుసు. చివరికి బాబాయి కూర్చుంటానన్నాడు.

నాన్న రెండో మాట: "ఏలూరా? ఆడేముండాది సూసేకి?"

నేను ఏలూరు ఎంచుకుంది అందుకే. తిరుపతి అంటే మొక్కు. ఊటీ, అరకు అంటే "కొత్తగా పెండ్లైనోళ్ళు పొయ్యేది, మనకెందుకు" అంటారు. గూడెం అంటే కూతుర్ని చూడ్డానికి వచ్చిన పని అయిపోతుంది. ఏలూరైతే గూడెం నుంచి రైల్లో గంట కూడా పట్టదు. ఏదైనా అవసరమైతే నేను వెళ్ళగలను, అలాగని పక్కనే ఉండను. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊళ్ళో వాళ్ళను ఎరిగినవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

మనం గూడెంలో నాలుగేళ్ళు చదువుతాం. రెండు రోజుల సెలవైతే విజయవాడ, నాలుగు రోజులైతే వైజాగ్. మధ్యలో ఏలూరులో రైలు ఆగినా ఎవరం ఫోన్లోంచి తల ఎత్తం. అలాంటి ఊరికి వాళ్ళు రాత్రంతా ప్రయాణం చేసి, విజయవాడలో రైలు మారి, ఒక శుక్రవారం పొద్దున దిగారు. మొదటి రెండు రోజుల కథ నాకు అమ్మ ఫోన్లో చెప్పిందే.

మొదటి చిక్కు లాడ్జిలోనే వచ్చింది. రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఆధార్ నంబరు రాసాక "వచ్చిన పని" అని ఒక గడి ఉందట. నాన్న పెన్ను అక్కడ ఆగిపోయింది. కౌంటర్‌లో ఆయన సాయం చేద్దామని, "పెళ్ళికాండీ?" అన్నాడట. కాదు. "ఆసుపత్రికాండీ?" కాదు. "ద్వారకా తిరుమల దర్శనానికాండీ?" అదీ కాదు. చాలాసేపు ఆలోచించి నాన్న "సొంత పని" అని రాశారు. గదిలోకి వెళ్ళేదాకా అమ్మ నవ్వు ఆపుకుందట. తర్వాత, "ఏం సొంత పని? నేనేనా?" అని అడిగిందట. నాన్న జవాబు చెప్పలేదు. కిందికి పోయి ఇద్దరికీ కాఫీ తెచ్చారు.

మా ఊళ్ళో నాన్న ముందు నడుస్తారు, అమ్మ పదడుగుల వెనక నడుస్తుంది. వాళ్ళ మధ్య గొడవేం లేదు. ఊళ్ళో మొగుడూపెళ్ళాలందరూ అలాగే నడుస్తారు. పక్కపక్కన నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి ఆ పూటకి కబుర్లు దొరికినట్టే. ఏలూరులో కూడా మొదటి గంట అలాగే నడిచారట. కాలువ వంతెన దగ్గర ఆటోలు, బండ్లు ఎక్కువై అమ్మ అటువైపే నిలబడిపోయింది. నాన్న వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని దాటించారు. దాటాక ఇంక ముందుకి వెళ్ళలేదట. "పక్కనే నడిసినాడు పాపా, సాయంత్రం దాకా" అంది అమ్మ ఫోన్లో. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, పక్కన ఎవరో వింటారన్నట్టు.

ఆ కాలువ గురించి నాన్నకి నేనే చెప్పాను. విజయవాడ నుంచి కృష్ణ నీళ్ళు, విజ్జేశ్వరం నుంచి గోదావరి నీళ్ళు కాలువల్లో వచ్చి కలిసేది ఏలూరు దగ్గరే. 1850ల్లో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు కట్టాక ఈ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడమే కాదు, రోడ్లలాగా కూడా పనిచేశాయి. కాకినాడ వైపు నుంచి మద్రాసు వైపు పడవల్లో సరుకులు నడిచాయి. 2008లో ఈ దారినే 4వ నంబరు జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇప్పుడు ఊళ్ళో చాలాచోట్ల గుర్రపుడెక్కా, ప్లాస్టిక్కూ. ఏలూరు వాళ్ళకి అదొక మామూలు మురికి కాలువ. నాన్న మాత్రం వంతెన మీద అరగంట నిలబడ్డారట. "రెండు నదులంట, అడక్కుండానే ఊరి మధ్యలోకి వచ్చినాయి" అన్నారట. 3 బోర్ల మనిషికి ఆ నీళ్ళు ఎలా కనిపించి ఉంటాయో నేను ఊహించుకోగలను.

శనివారం అమ్మది. అమ్మ పుట్టిల్లు ధర్మవరం, వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఏలూరులో ఉన్ని తివాచీలు నేస్తారని లాడ్జి ఆయన చెప్పగానే చూడాలంది. తంగెళ్ళమూడిలో ఒక ఇంటికి దారి చెప్పారు. అక్కడ మగ్గం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. ధర్మవరంలో నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు, పడుగు అడ్డంగా ఉంటుంది. ఇక్కడ పడుగు గోడలాగా నిలువుగా నిలబడి ఉంది. దాని ముందు కూర్చుని ఒక్కో ఉన్ని దారాన్నీ వేళ్ళతో ముడి వేసి, కత్తితో కోసి, వరస పూర్తయ్యాక గట్టిగా కొడతారు. తివాచీ అంతా అలా ముడులే. ఒకప్పుడు విదేశాలకు వెళ్ళిన సరుకు. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. ఆ ఇంటావిడా, అమ్మా గంటసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ జరిగి చోటిస్తే అమ్మ కూర్చుని నాలుగు ముడులు వేసింది.

బయటికొచ్చాక నాన్న, "నీకింత బాగా సేతనైతాదా?" అన్నారట. అప్పుడు అమ్మ చెప్పింది, తన పెళ్ళిచీర తనే నేసుకున్నానని. పదో తరగతి అయ్యాక పెళ్ళిదాకా మగ్గం మీదే కూర్చుంది. ఆ చీర 23 ఏళ్ళుగా మా బీరువాలో ఉంది. ఏడాదికోసారి నాన్నే కిందికి దించి ఎండలో వేయిస్తారు. ఆయనకి ఆ సంగతి తెలీదు. "ఎప్పుడూ సెప్పలేదే" అంటే, "నువ్వడిగినావా?" అందట అమ్మ. అది పోట్లాట కాదు. ఇంట్లో అంగడి, మేము, అప్పు, అత్తామామల మందులు. అడగడానికి ఖాళీ ఎప్పుడు దొరికింది? ఆ సాయంత్రం గజ్జెలవారి చెరువు మధ్యలో ఉన్న పెద్ద బుద్ధుణ్ణి చూస్తూ ఆ మగ్గం కబుర్లే చెప్పుకున్నారట.

ఆదివారం నేను గూడెం నుంచి పొద్దున్నే వచ్చేశాను. టిఫిన్ దగ్గర నాన్న అమ్మతో, "ఇంకో పెసరట్టు తింటారాండీ?" అన్నారు. అమ్మ, "ఆయ్, చెప్పండి" అంది. ఇద్దరూ నన్ను చూసి తలలు దించుకున్నారు. రెండు రోజుల్లో గోదావరి యాస నేర్చుకుని, దాంతో ఒకరినొకరు ఆట పట్టించుకుంటున్నారు! నేను ఇడ్లీ మీదే దృష్టి పెట్టాను.

కైకలూరు బస్సెక్కాం. ఆ రోడ్డు కొల్లేరు మీదుగానే వెళ్తుంది. పెదఎడ్లగాడి వంతెన వస్తుంది. పెద్ద వరదలొస్తే ఈ రోడ్డు మీదికే నీళ్ళొస్తాయి. ఎటు చూసినా చెరువుగట్లు, గట్ల మధ్య నీళ్ళు. చాలాసేపు చూసి నాన్న, "కొల్లేరు యాడుండాది?" అని అడిగారు. సివిల్ వాళ్ళకి సులువైన ప్రశ్న, మిగతావాళ్ళకి చెప్తాను. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీళ్ళు కొల్లేరులోకి వస్తాయి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు ఇదే. ఇది లోతు తక్కువ సరస్సు, వానని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 1999లో 5వ కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈలోగా లోపలంతా చేపల చెరువులు వచ్చేశాయి. 2006లో ప్రభుత్వం వాటి గట్లు తెగ్గొట్టించింది. ఆ చెరువుల మీద బతికేవాళ్ళ గొడవా, సరస్సు గొడవా ఇంకా తీరలేదు.

నాన్న అంతా విని, "మన ఊరి సెరువులో ఇండ్లు కట్టినట్లే గదా" అన్నారు. "ఎండినప్పుడు మనది అనుకుంటాం. వానొస్తే అది తనది అనుకుంటాది."

కైకలూరులో దిగి ఆటోలో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళాం. పెలికాన్లు, తెలుగులో గూడబాతులు, చెట్ల మీదా, అటవీశాఖ నీళ్ళల్లో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీదా గూళ్ళు కట్టుకుని వందలుగా ఉన్నాయి. చలికాలం కనిపించే ప్రతి పక్షీ సైబీరియా నుంచే వచ్చిందనుకుంటాం. బాతుల్లో కొన్ని జాతులు నిజంగానే ఉత్తరాన ఎక్కడి నుంచో వస్తాయి. ఈ గూడబాతులు మాత్రం మన దేశంలోనే ఉండేవి. మగది పుల్లలు తెస్తుంది, ఆడది గూడు పేరుస్తుంది, గుడ్లని రెండూ వంతులవారీగా పొదుగుతాయి. పడవలో ఇది చెప్తే అమ్మ నాన్నని మోచేత్తో పొడిచి, "వంతులంట, విను" అంది. నేను పడవ ముందు వైపుకి జరిగి కూర్చున్నాను. వెనక్కి తిరిగి ఒక ఫొటో తీశాను. వాళ్ళు కెమెరా వైపు చూడట్లేదు.

ఆ రాత్రి రైలెక్కించాను. మొత్తం ఖర్చు ఒక మామూలు ఫోన్ ధరలో సగం కూడా కాలేదు. ఊరికెళ్ళాక ఇద్దరూ మారిపోయారని చెప్పను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, నాన్న మళ్ళీ పదడుగులు ముందే నడుస్తున్నారు. కాకపోతే మలుపు దగ్గర ఆగుతున్నారు. బీరువాలో పెళ్ళిచీర పై అరలోకి వచ్చింది.

పోయిన వారం నాన్న ఫోన్ చేశారు. అంగడి సంగతులు, వాన సంగతులు అయ్యాక, పక్కన అమ్మ ఏదో గొణుగుతుంటే అడిగారు: "ఏలూరుకు ఆ పక్క గుంటుపల్లిలో పాతకాలం బౌద్ధుల గుహలుండాయంట గదా, లాడ్జి ఆయన సెప్పినాడు. ఆడికి బస్సుంటాదా పాపా?"

"అక్కడేం పని నాన్నా?" అన్నాను.

"పనేముండాది?" అన్నారు. "ఊరికే."