కోళ్ళ కాళ్ళ క్రింది ఊక

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం ఉన్నాయి. సాంచాల చప్పుడు రేయింబవళ్ళు ఆగని ఆ సందులలో, పది అడుగుల పొడవైనా లేని ఒక పెరటిలో, ఒక ఇల్లాలు కోళ్ళగూడు కట్టించింది. కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగిన ఆమెకు కోడికూత వినిపించని ఉదయం ఉదయంగా తోచేది కాదు. భర్త తెచ్చే జీతానికి గ్రుడ్ల డబ్బు కొంత తోడు కాగలదన్న ఆశ కూడా లేకపోలేదు.

పల్లెలో కోళ్ళు పగలంతా తిరిగి, చీకటిపడగానే గంప క్రిందికి చేరుతాయి. నగరంలో అది సాగే పని కాదు. రోజంతా గూటిలోనే ఉండే ఎనిమిది కోళ్ళ రెట్ట ఏమి కావాలి? ఇందుకు ఆమె ఎన్నుకొన్నది డీప్ లిట్టర్ పద్ధతి. నేలపై వరి ఊకను ఆరంగుళాల మందాన పరచి, దానిని ఎత్తి పారవేయక, పైపైన క్రొత్త ఊక చేరుస్తూ, తరచు తిరగవేస్తూ ఉండాలి. రెట్టలో నత్రజని అధికం. ఊకలో కర్బనం అధికం. గాలి, కొద్దిపాటి తేమ తోడైతే సూక్ష్మజీవులు ఆ రెండింటిపై బ్రదుకుతూ రెట్టను మట్టివంటి పొడిగా మార్చివేస్తాయి. ధాన్యపుగింజలు చల్లితే కోళ్ళే కాళ్ళతో గీరి సగం పని చేసిపెడతాయి.

శుభ్రతను గూర్చి మనకున్న భావనకు ఇది ఎదురు తిరిగే మాటే. కానీ 1940 దశకంలో అమెరికాలోని ఒహాయో వ్యవసాయ ప్రయోగక్షేత్రంలో డి.సి. కెన్నార్డ్ మొదలైనవారు, పాత లిట్టరుపై పెరిగిన కోళ్ళు ఆరోగ్యంలో వెనుకబడకపోగా మెరుగ్గా ఉండటం గమనించారు. 1948లో బి-12 విటమిన్‌ను వేరుచేయగలిగిన తరువాత, లిట్టరులోని సూక్ష్మజీవులు ఆ విటమిన్‌ను తయారుచేస్తున్నాయని తేలింది.

2005 వర్షాకాలం వచ్చేవరకు అంతా సజావుగా సాగింది. సూరత్‌లో ఏడాది వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల నడుమనే కురుస్తుంది. నీళ్ళ చిప్ప చుట్టూ ఊక ముద్దకట్టింది. అమోనియా ఘాటుకు గూటిలో తల పెట్టటమే కష్టమైంది. ఆమె కంగారుపడి రెండు దోసిళ్ళ సున్నం తెచ్చి చల్లింది. అందరూ చేసే పొరపాటే అది. సున్నం కొంత తేమను పీల్చుకొన్నా, తడి లిట్టరులో అణగి ఉన్న అమోనియాను ఒక్కసారిగా గాలిలోకి వదులుతుంది. ఆ సాయంకాలం ప్రక్కింటామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అక్కా, ఈ కంపుకు పిల్లలు అన్నం తింటలేరు. కోళ్ళనన్న తీసెయ్యి, మమ్ములనన్న వేరే ఇల్లు చూసుకొమ్మను.”

ఆ మాట వట్టి కోపంతో అన్నది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచిన తీరు దేశమంతా చెప్పుకొంది. అక్కడ దుర్వాసన అంటే జ్ఞాపకం వచ్చేది ముక్కుకు కలిగే ఇబ్బంది ఒక్కటే కాదు. ఇంట్లో భర్త కూడా కోళ్ళను అమ్మివేయమన్నాడు. ఆమె పది రోజులు గడువు అడిగింది.

ముద్దకట్టిన ఊకను మాత్రమే తట్టలో ఎత్తివేసింది. నీళ్ళ చిప్పను ఇటుకలపైకి, కోళ్ళ వీపు ఎత్తుకు చేర్చింది. జల్లు కొట్టే వైపు చూరు పొడిగించి, రెండవ వైపు గాలికి తెరిచి ఉంచింది. ప్రతి ఉదయం దంతెతో అడుగుదాకా తిరగవేసి, పొడి ఊక కలిపింది. పిడికిట నొక్కిన ఊక వదలగానే విడిపోవాలి; ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్లు. ఆ తడి ఘాటుతో ఆగదు, కోడిపిల్లలను చంపే రక్తపారుడు వ్యాధికి కూడా అదే పుట్టినిల్లు. గడువు ముగిసేనాటికి గూటిలో వానకు తడిసిన మట్టివాసన తప్ప మరేమీ లేదు. ప్రక్కింటామె ఏమీ అనలేదు, అదే చాలు.

మరుసటి ఏడు ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధికభాగాన్ని ముంచింది. వారి సందులోకి కూడా నీరు వచ్చింది. కోళ్ళు గంపలో మేడమీదికి చేరాయి. ఏడాదికి పైగా పండిన నేల మాత్రం బురదలో కలిసిపోయింది. ఎలుకల మూత్రం కలిసిన నీటివలన వచ్చే లెప్టోస్పైరోసిస్ దక్షిణ గుజరాత్‌కు క్రొత్త వ్యాధి కాదు. ఆమె ఈసారి వెనుకాడలేదు. కాళ్ళకు, చేతులకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకొని మొత్తం తవ్వి తీయించింది. నేలను కడిగి, ఎండనిచ్చి, సున్నం పూసింది. వట్టి నేలపై సున్నం మంచిదే.

క్రొత్త ఊక పరచిన తరువాత పైన చల్లటానికి పాత లిట్టరు రెండు గుప్పిళ్ళు కావలసివచ్చింది. వంకాయ మొక్కల కోసమని మేడమీద రేకుల క్రింద పొడిగా దాచిన బస్తా ఒకటి ఉన్నది. విప్పి చూస్తే సగమే మిగిలింది. తక్కిన సగం ప్రక్కింటామె తన గులాబీ కుండీలకని వరదకు ముందే అడిగి తీసుకొనిపోయింది.