బండి ఆగే చోటు

మా పెద్దబ్బాయి అమెరికాలో నాషువా అనే ఊళ్ళో ఉంటాడు. బోస్టన్‌కు ఉత్తరాన, కారులో గంట దూరం. డిసెంబరు నెలాఖరులో కోడలికి కాన్పు కావడంతో నేనూ మా ఇంటామే నడి చలికాలంలో సోలాపూర్ నుంచి అక్కడికి పోవాల్సి వచ్చింది. చైత్రం ఎండలో రేకుల షెడ్డు కింద సాంచాలు నడిపిన మనిషిని నేను. అక్కడ కిటికీ తీస్తే మోకాలి లోతు మంచు.

నెల రోజులు ఇంట్లోనే కూచున్నాను. మావాడు సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిలోనే ఉంటాడు. ఒక శనివారం, "నాయినా, ఇట్ల గోడలు జూసుకుంట ఎన్ని దినాలుంటవు? కొండలకు పోదాం పా" అన్నాడు. ఆ రాష్ట్రంలో ఉత్తరం వైపు వైట్ మౌంటెన్స్ అని పెద్ద కొండల వరుస ఉంది. చలికాలంలో కూడా జనం బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తగిలించుకుని అక్కడి అడవి బాటల్లో నడుస్తారు. మావాడి ఆఫీసులో అందరూ పోతారట.

ఇంట్లో నెల రోజుల పసిగుడ్డు. ఇద్దరు ఆడవాళ్ళను వదిలిపెట్టి తొమ్మిదింటికి బయలుదేరాం. అదే మొదటి తప్పు. అంత ఆలస్యంగా పోకూడదు.

రెండు గంటలు పోయాక పెద్ద రోడ్డు దిగి చిన్న రోడ్డు పట్టాం. ఫోనులో మ్యాపు చూపించిన అడవి రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఇనుప గేటు వేసి ఉంది. గేటు అవతల రోడ్డే లేదు, అంతా మంచు. మావాడు బిత్తరపోయాడు. "మ్యాపుల బండ్లు పెట్టే జాగ సాఫ్ కనిపిస్తుంది గద నాయినా" అన్నాడు. నేను ఫోను తీసుకుని చూశాను. ఆ ఫోటోలో చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. "అరే, ఇది ఎండకాలం తీసిన ఫోటోరా" అన్నాను. చలికాలంలో ఈ అడవి రోడ్లు చాలావరకు మూసేస్తారు, మంచు తీయరు అన్న సంగతి మాకిద్దరికీ తెలియదు.

గేటు ముందర పెద్ద రోడ్డు పక్కన కొంత జాగా మాత్రం శుభ్రంగా ఊడ్చినట్టుంది. ఒక్క బండి కూడా లేదు. మన అదృష్టం అనుకుని కారు ముక్కు లోపలికి పెట్టి నిలిపాం. గేటు పక్కనుంచి దూరి రెండు మైళ్ళు నడిచాం. చెట్ల మీద మంచు, చప్పుడు లేని అడవి, మేమిద్దరమే. వాడి చిన్నప్పుడు నాకు రాత్రి పాళీ, వాడికి పగలు బడి. వాడితో అంతసేపు ఒంటరిగా మాట్లాడింది అదే మొదలు.

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి చూస్తే కారు వెనక నడుము ఎత్తున మంచు గోడ. మేం నడుస్తుండగా మంచు తోసే లారీ రోడ్డు మీద పోయింది. దాని ముందరి ఇనుప రెక్క తోసిన మంచంతా మా కారు వెనక పడింది. ఆకాశం నుంచి రాలిన మంచు దూదిలా ఉంటుంది గాని, లారీ తోసిన మంచు అట్లా కాదు. ఉప్పూ ఇసుకా కలిసి, గట్టకట్టి రాయిలా అవుతుంది. మా దగ్గర పార లేదు. టిఫిన్ డబ్బా మూత, నాలుగు చేతులు, అంతే. ఫోనుకు సిగ్నల్ లేదు.

గంటన్నర తవ్వాం. నా ఒళ్ళు వణకడం మొదలైంది. మావాడు నన్ను కారులో కూచోబెట్టి, ఇంజను వేసి, హీటరు పెట్టి, అద్దాలు మూసి తాను తవ్వుతున్నాడు. కాసేపటికి నాకు తల బరువెక్కింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అలసట అనుకున్నాను.

చీకటి పడ్డాక పసుపు దీపాలు తిప్పుకుంటూ అదే లారీ తిరిగొచ్చింది. దాంట్లోంచి నా వయసు మనిషి ఒకడు దిగి, మమ్మల్ని పలకరించకుండానే అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. మావాడు ఉలిక్కిపడి ఇంజను ఆపేశాడు. కారు పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. పొగ బయటికి పోయే దారి లేక కిందినుంచి కారులోకే వస్తోంది. వాసన తెలియని విషవాయువు అది. ఆ మనిషి తలుపు తీసి నన్ను బయటికి లాగాడు. చల్లగాలి తగిలాక తల తేలికపడింది.

తరువాత అతను తన పార తీశాడు. ముగ్గురం కలిసి పావుగంటలో బండి బయటికి తెచ్చాం. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మెల్లగా చెప్పాడు, మావాడు నాకు తెలుగులో చెప్పాడు. మేం బండి పెట్టింది పార్కింగు కాదట. మంచు లారీ వెనక్కి తిరిగే జాగా అట. మా కారు అడ్డం ఉండేసరికి అతను తిరగలేక ఆ మంచు రోడ్డు మీద ఎంతో దూరం ముందుకు పోవలసి వచ్చింది. పొద్దున రెండు గంటల నుంచి పనిలో ఉన్నాడట. మా ఫ్లాస్కులో మిగిలిన చాయ్ మూతలో పోసి ఇస్తే నిలబడే తాగాడు. తాగుతూ, "నడవాలంటే లింకన్ వుడ్స్‌కు పొండి, అక్కడ మంచు తీస్తారు" అని చెప్పి లారీ ఎక్కాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. మా ఇంటామె బిడ్డను భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. మన దగ్గర మిల్లు భోంగా వేళ గాని వేళ మోగితే గేటు దగ్గరికి ఉరికొచ్చే ఆడవాళ్ళ ముఖాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రాత్రి ఆమె ముఖం అట్లా ఉంది. ఏమీ అనలేదు. అన్నం వడ్డించింది. మూడు రోజులు మావాడితో మాట్లాడలేదు.

మళ్ళీ పోదామని రెండు వారాల తరువాత నేనే అన్నాను. ఈసారి ముందు అటవీ శాఖ ఆఫీసుకు ఫోను చేయించాను. లింకన్ వుడ్స్‌లో మంచు తీశారని వాళ్ళు చెప్పాకే, చీకటితోనే బయలుదేరాం. లింకన్ అనే ఊరు దాటి, కాంకమాగస్ అనే కొండ రోడ్డు మీద కొంచెం దూరం పోతే వస్తుంది ఆ చోటు. ఆ రోడ్డు ఏడాదంతా తెరిచే ఉంటుంది. అక్కడ పెద్ద పార్కింగు, మంచు తీసి, గీకి, ఇసుక చల్లి ఉంది. రోజు రుసుము ఒక కవరులో పెట్టి ఇనుప డబ్బాలో వేశాం. మేం పోయేసరికే ముప్పై బండ్లున్నాయి.

బండి దిగగానే నది మీద వేలాడే వంతెన. దాటితే చదునైన బాట, నిటారుగా పోతుంది. అది 1893 నుంచి 1948 దాకా కలప మోసిన రైలు కట్ట. పట్టాలు తీసేశారు గాని కొయ్య స్లీపర్లు కొన్ని నేలలో అట్లాగే ఉన్నాయట, మంచు కింద మాకు కనిపించలేదు. వంద ఏళ్ళ కింద ఈ కొండలను నున్నగా గొరిగేశారు. చెట్లు లేకపోయేసరికి వసంతంలో మంచంతా ఒక్కసారిగా కరిగి వరదలు, ఎండాకాలంలో నీళ్ళ కరువు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలిశాక నాకు నడక ఆగిపోయింది. వంతెన కింద పారే పెమిగెవాసెట్ నది కిందికి పోయి మెర్రిమాక్ నదిలో భాగమవుతుంది. మెర్రిమాక్ ఒడ్డునే మాంచెస్టర్, నాషువా, లోవెల్, లారెన్స్. అన్నీ బట్టల మిల్లుల ఊళ్ళే. ఆ మిల్లులు మొదట నడిచింది ఈ నీటి బలంతోనే. పైన చెట్లు నరికితే కింద మిల్లులు ఆగేవి, కార్మికులకు కూలి పోయేది. కొండల అందం మీద ప్రేమ ఉన్నవాళ్ళతో పాటు మిల్లుల వాళ్ళు కూడా అడవిని కాపాడాలని అడిగారు. 1911లో వీక్స్ చట్టం వచ్చింది. నదుల నీటిని కాపాడడానికి ప్రభుత్వం అడవులు కొనవచ్చని ఆ చట్టం చెప్పింది. అట్లా కొన్న భూమితో 1918లో వైట్ మౌంటెన్ జాతీయ అరణ్యం ఏర్పడింది. మేం నడిచింది ఆ అడవిలోనే.

ఆ తరువాత మావాడు నన్ను లోవెల్ తీసుకుపోయాడు. అక్కడి బూట్ మిల్లు ఇప్పుడు మ్యూజియం. పాత సాంచాలు కొన్ని ఇంకా తిప్పి చూపిస్తారు. చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చారు. నేను పెట్టుకోలేదు. మా జూని మిల్లు పొగగొట్టం గుర్తొచ్చింది. ఆ ఊళ్ళ మిల్లులూ మూతబడ్డాయి, మనవీ మూతబడ్డాయి. కాని వాళ్ళ నీళ్ళకోసం పెరిగిన అడవి మిగిలింది.

మన బస్తీల నుంచి చాలామంది పిల్లలు ఆ చలి దేశాలకు పోతున్నారు. కాన్పులకని మనమూ పోతున్నాం. అందుకే తెలిసింది నాలుగు మాటల్లో రాస్తున్నాను.

కొండ ఎంత ఎత్తు, బాట ఎంత దూరం అని తరువాత అడగండి. ముందు బండి ఎక్కడ ఆగుతుందో అడగండి. మ్యాపును నమ్మకండి, దానికి గేటు వేసిన సంగతి తెలియదు. అటవీ ఆఫీసుకు ఫోను చేస్తే ఎక్కడ మంచు తీశారో చెబుతారు. పెద్ద మంచు పడిన మర్నాడే పోకండి. ముందు రోడ్లు తీస్తారు, పార్కింగులు ఆ తరువాతే. గేటు ముందర గానీ, బండ్లు లేకుండా ఊడ్చి ఉన్న ఒంటరి జాగాలో గానీ నిలపకండి. అది ఎవరో పని చేసుకునే జాగా అయి ఉంటుంది. పెందలాడే పోతే చోటు దొరుకుతుంది, వెలుతురు ఉండగానే తిరిగి రావచ్చు. బండి ముక్కు రోడ్డు వైపు పెట్టండి. డిక్కీలో పార, ఇసుక సంచి, దుప్పటి ఉండాలి. మంచులో బండి ఇరుక్కుంటే పొగగొట్టం చుట్టూ తవ్వకుండా ఇంజను వేయకండి. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి పోండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా రాసి పెట్టండి.

సియాటిల్ వైపు ఉండే పిల్లలకు ఇంకొక సంగతి. అక్కడ వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాల్లో స్నో-పార్క్ అనే చలికాలపు పార్కింగులుంటాయి. వాటికి పర్మిటు కొనాలి. ఆ డబ్బు మంచు తీయడానికి పోతుంది, దానికి బేరమాడకండి.

తిరిగొచ్చే ముందు వారం మావాడి డిక్కీలో నేనే ఒక పార కొని పెట్టాను. మా ఇంటామె దాని పక్కన సోలాపూర్ చాదర్ మడిచి పెట్టింది. అంతకుముందే ఫ్రిజ్ మీద అటవీ ఆఫీసు నంబరు పెద్ద అంకెలతో రాసి అంటించింది. ఇప్పుడు మావాడు కొండకు పోయే ప్రతి శనివారం ఎక్కడ బండి నిలిపాడో కోడలికి ఫోటో పంపుతాడు. కోడలు ఆ ఫోటో మాకు పంపుతుంది. అందులో కొండ కనిపించదు. పక్కన ఇంకో నాలుగు బండ్లు, కింద గీకిన నేల కనిపిస్తాయి. అది చూశాకే మా ఇంటామె దీపం ఆర్పి పడుకుంటుంది.