ఇంజనుకు ముందు ఛాసిస్

పాత బండికి ఇంజను మార్పించుకునేవారంతా ఇంజను గురించే అడుగుతారు. ఎక్కడ దొరికింది, ఎంత పడింది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? దానిని మోయవలసిన ఛాసిస్ ఎలా ఉందని అడిగినవారిని మేము చూడలేదు. గత శీతాకాలం చోడవరంలో ఒక చిన్న షెడ్డులో, అస్ర్ నమాజు తరువాత కొన్ని సాయంత్రాలు కూర్చున్నప్పుడు ఈ సంగతి మాకు బోధపడింది.

ఆ షెడ్డు మా పూర్వ విద్యార్థిది. మా వద్ద ఖురాన్ పఠనం పూర్తిచేసి, పని వెతుక్కుంటూ కోయంబత్తూరు వెళ్లి, రేసు కార్లు సిద్ధపరిచే చోట కొన్నేళ్లు ఉండి వచ్చాడు. ఆ ఊరు ఈ పనికి పేరు పొందినది. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, 1980ల చివర మారుతి 800 కారులోని 796 సీసీ ఇంజనుతో ఒక్కరే కూర్చునే ఫార్ములా మారుతి కారును రూపొందించారు. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్లలో నడిపినది అటువంటి కారే. రేసు కారుకు ఇంజను మార్చవలసి వస్తే ముందు చట్రంలోని ప్రతి అతుకునూ తడిమి చూస్తారట. మావాడు అక్కడ నేర్చినది ముఖ్యంగా ఇదే.

ఇక్కడ అతని చేతికి వచ్చింది రేసు కారు కాదు, పాత మహీంద్రా జీపు. (ఆ కంపెనీ 1945లో పుట్టినప్పటి పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ విభజన తరువాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. మా పిల్లలకు చెబితే నమ్మలేదు.) పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను అమర్చాలి. వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కి, సంతలకు మనుషులను చేర్చే బండి అది.

డీజిలు ఇంజనుకు బరువూ ఎక్కువ, అదురూ ఎక్కువ. అందుచేత బాడీ మొత్తం విప్పి, ఛాసిస్‌ను కిరసనాయిలుతో కడిగి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చాడు. మూల నుండి మూలకు టేపు పెట్టి రెండు కొలతలూ సమానమో కాదో చూశాడు. తేడా ఉంటే చట్రం వంకర పోయినట్టు. సుత్తితో తట్టుతూ వెళ్లాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది బొంగురుగా పలుకుతుంది. ఆపైన మమ్మల్ని చాక్‌పీసులు అడిగాడు. ఇనుముకు కిరసనాయిలు పట్టించి, కాసేపాగి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. ఇంజను బ్రాకెట్టు వెనుక ఆ తెల్లని పొడి మీద వెంట్రుకంత నల్లని గీత మెల్లగా తేలింది. పగులులో దాగిన నూనె బయటికి వచ్చిందన్నమాట. నలభై ఏళ్లుగా సుద్దను ఎరిగిన మాకు అది ఇలా రాయగలదని తెలియదు.

యజమానికి ఇది నచ్చలేదు.

"రంగేసీ బాబూ, ఎవరు చూడొచ్చారు?"

"మా అక్క కూడా ఈ జీపుల్లోనే పాడేరు వెళ్తాది, బాబుగారూ. వద్దనుకుంటే అడ్వాన్సు పట్టుకుపోండి."

షెడ్డు అద్దె రెండు నెలలు బాకీ ఉందని మాకు తెలుసు. ఆయన విసురుగా వెళ్లిపోయాడు. నాలుగో రోజు వచ్చి, "కానీ" అన్నాడు, నవ్వలేదు.

పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేసి, గీత పొడవునా గాడి తీసి వెల్డింగు చేశాడు. పైన వేసిన రేకును చతురస్రంగా కాక వజ్రాకారంలో కోశాడు. అడ్డంగా నిలువు అతుకు పడితే చట్రం అక్కడే మళ్లీ విరుగుతుందట. తరువాత ఇంజనును చైన్‌బ్లాకుతో వేలాడదీసి, ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య, ఆయిల్ సంపుకూ ముందు ఇరుసుకూ మధ్య ఎడం చూసుకుని, బ్రాకెట్లను చిన్న చుక్కల వెల్డింగుతో నిలిపి, తిరిగి కిందకు దించేశాడు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్పుకు ముందస్తు అనుమతి ఉండాలి. దరఖాస్తు ఇచ్చారు, జవాబు రావలసి ఉంది. అంతవరకు ఇంజను చెక్కదిమ్మెల మీద టార్పాలిన్ కింద ఉంది. పక్కనే ఛాసిస్, రెడ్ ఆక్సైడు ఆరుతూ.