ఎర్ర నూనె

మా మారికుప్పంలో నూనె అంటే వంటింటి మాట, ఆయిల్ అంటే షెడ్డు మాట. వేరుశనగ నూనెను ఎవరూ ఆయిల్ అనరు. బండిలో పోసేదాన్ని ఎవరూ నూనె అనరు. అంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే, వంటింట్లో నూనె అని ఊరుకోం. ఆముదమా, నువ్వుల నూనెనా, కొబ్బరి నూనెనా అని అడుగుతాం. మా అమ్మ సీసా మూత తీసి వాసన చూసి చెప్పేసేది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో పోతుంది. ఆయిల్ తగ్గిందా, ఆయిల్ పొయ్యి. అంతే మాట. ఆ ఒక్క మాట మా తమ్ముడి ఇంటికి ఎంత పని చేసిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా తమ్ముడు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా చాంపియన్ రీఫ్‌లో లోపలి పని చేసినవాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని అది. గని మూతపడింది గాని, అక్కడ పీల్చిన రాతి దుమ్ము వాడి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు పది అడుగులు వేస్తే ఒకచోట కూర్చోవాలి. పదిహేను రోజులకొకసారి బెంగళూరులో డాక్టరుకు చూపించాలి. మా ఊరు రైలుకు ఆఖరి స్టేషను. 1894లో బంగారుపేట నుంచి ఈ లైను వేసింది గనుల కోసం. ఇప్పుడు గనులు లేవు, తెల్లవారుజామున బెంగళూరుకు కూలికీ కొలువుకీ పోయే జనం ఉన్నారు. ఆ జనంలో నిలబడి పోయే ఓపిక తమ్ముడికి లేదు.

వాడి కొడుకు అదే రైలులో రోజూ పోయివచ్చే పిల్లవాడు. నాన్న కోసమని బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండు కారు కొన్నాడు. గేరు మార్చే పని లేని ఆటోమేటిక్ బండి. ఆ ట్రాఫిక్కులో క్లచ్చు తొక్కే బాధ లేకుండా, నాన్న కుదుపు లేకుండా కూర్చుంటాడని దాన్నే ఏరి తెచ్చుకున్నాడు. ఏడాది పాటు బాగానే తిరిగింది. తరువాత వాకిట్లో బండి నిలిపిన చోట నేలమీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. పిల్లవాడు మంచివాడు, అశ్రద్ధ చేయలేదు. హైవే మీద ఒక షాపులో చూపించాడు. వాళ్లు గేర్ బాక్సు ఆయిల్ తగ్గిందన్నారు. ఒక డబ్బా తీసి అర లీటరు పోశారు. అదీ ఎర్రగానే ఉంది. "ఆటోమేటిక్ బండ్లన్నిటికీ ఇదే" అన్నారట.

నెల తిరగలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వణకడం మొదలైంది. తరువాత ఇంజను అరుపే గాని ముందుకు సాగడం తగ్గింది. ఒకరోజు డాక్టరు దగ్గరికి బయలుదేరి బంగారుపేట దాటగానే రోడ్డు పక్కన నిలిచిపోయింది. తమ్ముడు లోపల కూర్చుని ఉన్నాడు. ఎండ ఎక్కుతోంది, వాడికి ఆయాసం ఎక్కుతోంది. పిల్లవాడు ఆటో కోసం రోడ్డుకు అడ్డం పడ్డాడు. తమ్ముణ్ణి ఆ పూట బెంగళూరుకు చేర్చలేక దగ్గరలోని ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు గంటలు ఆక్సిజన్ పెట్టాక మనిషి తేరుకున్నాడు.

బండిని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా పెద్దనాన్న కొడుకు, బి.ఇ.ఎం.ఎల్.లో బుల్డోజర్ల మధ్య ముప్పై ఏళ్లు గడిపి రిటైరైన మనిషి, చూడడానికి వచ్చాడు. మాకందరికీ పెద్దన్న ఆయన. కొద్దిగా ఆయిల్ తీసి వేళ్లమధ్య రుద్ది, తెల్లగుడ్డ మీద వేసి చూశాడు.

"ఏమప్పా, యాడ పోయించినావు దీన్ని?"

"హైవే మీద, పెదనాన్నా. రంగు ఒకటే కదా, అదే ఇదీ అనుకుంటి."

"రంగు చూసి పోస్తారా రా? నీ రక్తమూ ఎర్రనే, నా రక్తమూ ఎర్రనే. గ్రూపు చూడకుండా ఎక్కిస్తారా?"

ఆయన ఆ సాయంత్రం చెప్పిన సంగతి నాకు అర్థమైనంతవరకు ఇది. ఆటోమేటిక్ బండ్లలో రెండు మూడు జాతులున్నాయి. ఒక జాతిలో పళ్ల చక్రాలు, ఆయిల్లో మునిగి తిరిగే క్లచ్చు పలకలు ఉంటాయి. ఆ పలకలు ఒకదాన్నొకటి మెత్తగా పట్టుకోవాలి, కుదుపు రాకూడదు. దానికి తగినట్టు ఆయిల్లో జారుడు మందులు కలుపుతారు. మా పిల్లవాడి బండి ఆ జాతి కాదు. అందులో గేర్లే లేవు. రెండు గిలకలు, వాటిమధ్య ఒక ఉక్కు బెల్టు. ఒక్కో గిలకలోని రెండు చెక్కలు దగ్గరికి, దూరానికి జరుగుతూ వేగం మారుస్తాయి. దీన్నే సి.వి.టి. అంటారు.

"పిండి మిల్లు బెల్టుకు నూనె తగిలితే ఏమవుతుంది?" అని అడిగాడు పెద్దన్న.

"జారుతుంది."

"ఇక్కడ బెల్టు నూనెలోనే తిరగాల, అయినా జారకూడదు. ఉక్కును ఉక్కు పట్టుకోవాల. అట్లా పట్టుకునే ఆయిల్ వేరే చేస్తారు. దాంట్లో నువ్వు జారే ఆయిల్ పోయించినావు."

బెల్టు జారింది, గిలక మీద గీత పడింది. గీత పడ్డాక సరైన ఆయిల్ పోసినా లాభం లేదు. ముందే తెలిసి ఉంటే, ఉన్నదంతా దించి కొత్తది పోసి ఉండవచ్చు. అదైనా ఒక్కసారితో తీరే పని కాదట. బోల్టు విప్పి దించితే వచ్చేది కొంతే, మిగతాది లోపలి మూలల్లో నిలిచిపోతుంది. రెండు మూడు సార్లు దించి పోస్తేగాని పాతది పలచబడదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఈ ఎర్ర రంగు సంగతేమిటని వెతికి చదివాను. ఆటోమేటిక్ గేర్ బాక్సు కోసమని ప్రత్యేకంగా ఒక ఆయిల్‌కు జనరల్ మోటార్స్ కంపెనీ ప్రమాణం పెట్టింది 1949లో. దానికి టైప్ ఎ అని పేరు. 1960ల్లో డెక్స్‌రాన్ వచ్చింది. ఆ కాలంలోనే ఫోర్డు వాళ్లు టైప్ ఎఫ్ అని తమది తాము పెట్టుకున్నారు. ఒకటి మెత్తగా జారనిచ్చేది, ఇంకొకటి గట్టిగా పట్టుకునేది. గుణంలో ఒకదానికొకటి ఎదురు. రంగు మాత్రం రెండింటిదీ ఎరుపే. కారితే ఇంజన్ ఆయిల్ కాదని తెలియడానికి వేసిన రంగు అది, ఏ జాతిదో చెప్పడానికి వేసింది కాదు. ఇంకో వింత, ఆ తొలి రోజుల్లో జారుడు కోసం కలిపింది తిమింగలం నూనె. తిమింగలాలు తరిగిపోతున్నాయని 1970ల మొదట్లో అమెరికా దాన్ని ఆపేసింది. బదులు మందులు వెతుక్కోవలసి వచ్చింది. సముద్రంలో ఈదిన జంతువు నూనె కార్ల గేర్ బాక్సుల్లో తిరిగిందంటే నాకు ఆశ్చర్యం వేసింది.

గేర్లు చేత్తో వేసే బండికైనా ఈ బాధ తప్పదు. మన మెకానిక్కులు తొంభై నంబర్ ఆయిల్ అంటారు. తొంభై అనేది చిక్కదనం. దానితో పాటు జి.ఎల్.4, జి.ఎల్.5 అని ఇంకో గుర్తు ఉంటుంది. అయిదులో గంధకం, భాస్వరం మందు ఎక్కువ. వెనక ఆక్సిల్‌కు అది మంచిది. పాత గేర్ బాక్సుల్లో ఇత్తడి రింగులుంటే వాటిని అది తినవచ్చు. బ్రేకు సంగతి మరీ ప్రమాదం. బ్రేక్ ఆయిల్ అంటాం గాని మన కార్లలో ఉండేది అసలు నూనె జాతే కాదు. అందులో కాస్త ఇంజన్ ఆయిల్ పడినా లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకు పట్టదు.

షాపులో పోయి అడిగితే "ఆయిల్ ఆయిలే గదా సార్, బండి పాతది" అన్నారు. బిల్లు లేదు, డబ్బా లేదు. ఏమని గొడవ పడతాం? గేర్ బాక్సు మార్చడానికి బండి ధరలో సగం దాకా అవుతుందన్నారు. బండి అవసరం తమ్ముడి ఊపిరికి సంబంధించినది, మానుకోలేం. మా మరదలు చేతి గాజులు రెండూ రాబర్ట్‌సన్ పేటలో కుదువ పెట్టింది. వాడు పాతికేళ్లు భూమిలోపలికి దిగి బంగారం పైకి పంపినవాడు. ఆ ఇంట్లో ఉన్న బంగారం ఆ రెండు గాజులే.

నేను దీన్ని గురించి ఆలోచిస్తూ ఒక సంగతి గమనించాను. మా ఊళ్లో మాటలు కలుపుకోవడానికి అలవాటు పడ్డాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం, గని పనిలో ఇంగ్లీషు. ఒక మాట తక్కువైతే పక్కింటి భాష నుంచి తెచ్చి పోసుకుంటాం. బండి ఆగదు. మా తెలుగును చిత్తూరు వాళ్లు నవ్వినా, అది నూరేళ్లకు పైగా మమ్మల్ని మోసుకొచ్చింది. ఈ అలవాటువల్ల ఏదైనా కలుస్తుందిలే అనే ధీమా మాకు కొంచెం ఎక్కువ. కాని మనుషులు సర్దుకుంటారు, ఉక్కు సర్దుకోదు. మాట తేడా వస్తే ఎదుటివాడు ఇంకోసారి అడుగుతాడు. గేర్ బాక్సు అడగదు, అరుగుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ డబ్బా మీద అంతా ఇంగ్లీషులో రాసే ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంది. పోసిన కుర్రాడికీ, పోయించుకున్న మా పిల్లవాడికీ నోటి మాట చాలనిపించింది. ఆ రాత సంగతి మన మాటలో ఒకరికొకరు చెప్పుకునే అలవాటు ఉంటే, కనీసం ఏ జాతి ఆయిల్ అనే ప్రశ్న నోటికి వచ్చేది. వంటింట్లో వస్తుంది కదా.

అందుకని ఈ పత్రిక చదివే మనవాళ్లకు పెద్దన్న చెప్పిన మూడు మాటలు ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆయిల్ తగ్గిందంటే ముందు ఎక్కడ కారుతోందో చూడండి, పోయడం తరువాత. బండి పుస్తకంలో ఉన్న పేరు, డబ్బా మీద ఉన్న పేరు అక్షరం అక్షరం సరిపోతేనే మూత తీయనివ్వండి. పొరపాటున వేరేది పడిందని తెలిస్తే బండి నడపకండి, అక్కడే ఆపి దించేయించండి.

మా తమ్ముడి కొడుకు మారిన గేర్ బాక్సు ఆయిల్ పేరు ఒక కాగితం మీద తెలుగులో రాసి, బానెట్టు లోపలి వైపు అంటించుకున్నాడు. షాపు కుర్రాళ్లకు అది చదవడం రాదు. ఏమి రాశావని అడుగుతారట. అప్పుడు వాడు చెబుతాడు.