కొండదారికి పడకసంచి

పెండ్లికి చీర నెన్నుటలో మన స్త్రీలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మంచుకొండపై రాత్రి పరుండుటకు పడక నెన్నవలసి వచ్చినపుడు మాత్రము మనకు చెప్పువారు అరుదు. కావున మేము తెలిసికొన్నంతవరకు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా కాపురము పాతబస్తీలోని శాలిబండలో. కళాశాలలో చదువుచున్న మా ఆడపడుచు ఈ డిసెంబరులో తోడి విద్యార్థినులతో గూడి ఉత్తరాఖండమునందలి కేదార్‌కంఠ శిఖరమునకు పోవ నిశ్చయించుకొన్నది. ఆ మాట వినగానే మా అత్తగారు, "మహాప్రస్థానమున ముందుగా కూలినది ద్రౌపదియే గదా!" యనిరి. "ఆ హిమవంతుని కూతురే గదా, అత్తగారూ, పార్వతి?" యని మేమంటిమి. మా వారు పురాణములను విడిచి, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ కథ చెప్పిరి. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి బండపై అభ్యాసము చేసి, 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు నెక్కినది. అత్తగారు కొంతసే పూరకుండి, "అయితే పిల్ల చలికేమి కప్పుకొనును?" అని యడిగిరి. అనుమతి లభించినట్లే. ప్రశ్న మాత్రము మా వంతైనది.

ఇంటిలోని దూది రజాయిని తూచితిమి. 3 కిలోలున్నది. కొండదారిని నడచువారి మూట శరీరపు బరువులో అయిదవ వంతును మించకుండుట మేలందురు. మా పిల్ల 45 కిలోలు. ఆ లెక్కను మూట 9 కిలోలు. అందు మూడవ వంతు రజాయికే పోయిన, తక్కిన బట్టలకును నీటికిని చోటెక్కడ?

అయినను రజాయిని తక్కువ చేయరాదు. అసలు సంగతి దానియందే యున్నది. ఏకిన కొలది దూది యుబ్బును. ఉబ్బిన దూదిలో గాలి నిలుచును. ఆ నిలిచిన గాలియే ఒంటి వేడిని బయటికి పోనీయదు. స్లీపింగ్ బ్యాగను పడకసంచి చేయునదియు నింతియే. అది వేడిని పుట్టింపదు, మన వేడిని మనకు నిలుపును. బాతుల నూగు ఈకలు దూదికంటె మిక్కిలి యుబ్బును గనుక కొద్ది బరువుతోనే ఎక్కువ గాలిని పట్టును. తడిసిన మాత్రము ముద్దయగును. కృత్రిమపు నారతో నింపిన సంచి తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును, వెలయు తక్కువ. కాని బరువు హెచ్చు. వానలలో తిరుగువారికిని, ఈకలు గిట్టనివారికిని అదియే తగినది.

ఇక ఎంత చలికి సంచి కావలెను? ఎత్తు 1,000 మీటర్లు పెరిగిన కొలది ఉష్ణము సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. మన హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున, కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్ల ఎత్తున నున్నవి. డిసెంబరు రాత్రి మా యింట 15 డిగ్రీలున్నచో అచ్చట సున్నకు 6 దిగువ ననుకొనవలెను. విడిది శిఖరమునకు దిగువనే యుండును గాని, ఉత్తరదేశపు చలి ఆ లాభమును హరించును.

అంగడిలో మొదట చూపిన సంచి 900 గ్రాములే. దానిపై పెద్ద అక్షరములతో సున్నకు 5 దిగువ అని యుండెను. "ఎంత తేలికయో చూడు, వదినా!" యని పిల్ల ముచ్చటపడినది. మేము లోపలి చీటీని చదివితిమి. అందు ఐ.ఎస్.ఓ. 23537 అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించిన మూడంకెలున్నవి. కంఫర్టు అనునది సగటు స్త్రీ హాయిగా పరుండగల చలి. లిమిటు అనునది సగటు పురుషుడు ముడుచుకొని యోర్చుకొనగల చలి. ఎక్స్‌ట్రీము అనునది ప్రాణము నిలుచుటయే తప్ప సుఖమెరుగని చలి. పెద్ద అక్షరములలో నున్నది పురుషుని యంకె! స్త్రీకి జెప్పిన యంకె సున్నయే. ఆ ప్రమాణమునందలి స్త్రీయైనను 60 కిలోలది. మా పిల్ల అంతకు 15 కిలోలు తక్కువ.

కావున కంఫర్టు సున్నకు 7 దిగువనున్న ఈకల సంచిని కొంటిమి. 1,250 గ్రాములు. "350 గ్రాములు హెచ్చు, వదినా!" యని మొగము ముడిచినది. "ఆ బరువును నీ అలంకారపు పెట్టెలో తగ్గించుకొనుము; నిద్రలో తగ్గించుకొనకుము" అంటిమి. బ్రతికియున్న పక్షులనుండి పెరికినవి కావను ధ్రువపత్రము చూపిన పిమ్మటగాని అత్తగారు దానిని ఇంట బెట్టనీయలేదు.

మరికొన్ని సంగతులు. ఒంటిక్రింద నలిగిన ఈకలు గాలిని పట్టవు. కనుక నేలచలి నాపుటకు అడుగున తగిన చాప యుండవలెను. చెమట పట్టిన బట్టలు విడిచి, పొడి బట్టలు కట్టి, కడుపునిండ తిని సంచిలో దూరవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట సంచిని చుట్టి బిగించి యుంచినచో ఈకలు అణగి మరల చక్కగా నుబ్బవు. అందుకని మా పెద్దపెట్టెలో రజాయి ప్రక్కనే దానికి వదులైన చోటు చేసియుంచితిమి.